అప్పజెప్పించుకోవడం ఆపి చూడండి

పదో తరగతి పిల్లలున్న ఇంటికి సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే ఒక పద్ధతి వచ్చేస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ముందుగది లైటు వెలుగుతుంది. పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒకే వాక్యాన్ని పదిసార్లు అంటుంది. "గట్టిగా చదవ్వే, నాకు వినపడట్లా" అని వంటింట్లోంచి అమ్మ. ఎనిమిదయ్యేసరికి పుస్తకం అమ్మ చేతికొస్తుంది, పిల్ల ఎదురుగా నిలబడి అప్పజెబుతుంది. అచ్చులో ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తే టిఫిను. నడుమ ఒక్క మాట జారితే మళ్లీ మొదటికి.

నేను ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మా ఇంట్లోనూ ఇదే నడిచింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, మా అమ్మాయి ప్రీ ఫైనల్ పేపరు ఇంటికి తెచ్చిన రోజు గురించి చెప్పకపోతే ఈ మాటలు రాసే అర్హత నాకు లేదు. ప్రశ్న ఇది: శాసనోల్లంఘన ఉద్యమానికి గాంధీజీ ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? పిల్ల పేజీన్నర రాసింది. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయల్దేరారు, వెంట 78 మంది, 240 మైళ్ల నడక, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. ఒక్క తేదీ తప్పలేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎనిమిదికి మూడు మార్కులు.

"అమ్మా, నువ్వు అప్పజెప్పించుకున్న జవాబే కదా రాశాను?" అంది.

అవును, నేను అప్పజెప్పించుకున్నదే. నడక ఎలా సాగిందో చెప్పింది, ఉప్పే ఎందుకో చెప్పలేదు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు గనక ఆ మాట తన చెవిన పడే అవకాశమే లేకపోయింది. "ఉప్పు" అన్న మాట కనపడగానే చెయ్యి తనంతట తాను నడిచింది, అంతే.

ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగింది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. పాఠం చెప్పడం మాకు వదిలేయండి. ప్రశ్నను వినే అలవాటు మాత్రం ఇంట్లోనే పట్టుబడుతుంది.

ముందుగా పబ్లిక్ పరీక్ష పేపరు దిద్దే మనిషి ఎలా ఉంటాడో కాస్త చూపిస్తాను, చాలామందికి అక్కడే అపోహలున్నాయి. స్పాట్ వాల్యుయేషన్ అంటే ఏప్రిల్ ఎండలో, ఏదో స్కూలు తరగతి గదిలో, పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం. ఫ్యాను జోరుగా తిరిగితే కాగితాలు ఎగురుతాయి, ఆపితే చెమట కాగితం మీద పడుతుంది. రోజుకు నలభై పేపర్లు. భోజనం, టీ తీసేసి ఏడు గంటలు అనుకున్నా ఒక్కో పేపరుకు పదిన్నర నిమిషాలు. ఆంధ్రప్రదేశ్ సోషల్ పేపర్లో నేను దిద్దిన చివరి ఏళ్ల తీరు చూస్తే 33 ప్రశ్నలు: ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, చివర ఎనిమిదేసి మార్కుల వ్యాసరూప ప్రశ్నలు అయిదు. తెలంగాణలో బయటి పరీక్ష ఎనభైకి, ఇరవై ఇంటర్నల్స్‌కి అన్న లెక్క నడిచింది గనక అక్కడ పంపకం వేరు. ఎక్కడైనా దిద్దేవాళ్ల గడియారం ఒకటే. చిన్న ప్రశ్నలు రెప్పపాటులో అయిపోయినా, మీ అబ్బాయి పద్నాలుగు నిమిషాలు చెమటోడ్చి రాసిన వ్యాసానికి మా దగ్గర దొరికేది ఒక నిమిషం. మహా అయితే నిమిషంన్నర.

ఆ నిమిషంలో మా కళ్లు ఎక్కడికి పోతాయి? మొదటి రెండు వాక్యాల మీదికి. పిల్లాడికి ప్రశ్న అర్థమైందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తరవాత మాకిచ్చిన జవాబుల కీలో ఉన్న అంశాలు ఎన్ని దొరుకుతున్నాయో వెతుక్కుంటూ కిందికి దిగుతాం. ఊపిరి తీసుకునే చోటు లేకుండా పేజీ మొత్తం ఒకే పేరాగా ఉంటే ఆ వెతుకులాటలో కొన్ని జారిపోతాయి. ఒకసారి నాకే జారిపోయింది. సాయంత్రం నాలుగు దాటాక ఒక పేపరుకు ఎనిమిదికి నాలుగు వేశాను. మా చీఫ్ ఎగ్జామినర్ ఆ పేపరు మళ్లీ చూసి, రెండో పేజీ అడుగున వేలు పెట్టి, "ఇది చదివారా మేడం?" అన్నారు. చదవలేదు. అసలు కారణం, అందరికంటే బాగా, ఆ పిల్ల చివరి మూడు పంక్తుల్లో రాసింది. ఏడు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంతకుముందు ఎన్ని పేపర్లకి ఇలా చేశానో అని. తప్పు నాదే. కానీ ఆ పిల్లకు ఎవరైనా "అసలు సంగతి ముందు చెప్పమ్మా" అని నేర్పి ఉంటే నా అలసట ఆమె మార్కుల మీద పడేది కాదు.

పేజీలు కొలిచి మార్కులు వేస్తారన్న మాట ఊళ్లో ఇంకా బతికే ఉంది. జానా బెత్తా పెట్టి కొలుస్తామని ఒక తండ్రి నాతోనే వాదించాడు! అలా వేయం. పెద్ద అక్షరాలతో, పంక్తికి నాలుగు మాటలు పెట్టి మూడు పేజీలు నింపిన జవాబు మాకు దూరం నుంచే తెలిసిపోతుంది. మామూలు చేతిరాతకి ఎనిమిది మార్కుల జవాబు పేజీంబావు, పేజీన్నర చాలు. పెన్నులు, మార్జిన్లు, రంగు గీతల గురించి అడుగుతారేమో: నీలం ఒకటి, నలుపు ఒకటి ఉంటే సరిపోతుంది, అంతకు మించి నాకు చెప్పాల్సిందేం లేదు.

ఇప్పుడు ఒక జవాబును దగ్గర పెట్టుకుని చూద్దాం. నేను చాలా ఏళ్లు చెప్పిన పదో తరగతి పుస్తకంలో మొదటి పాఠమే భారతదేశ భౌగోళిక స్వరూపాలు. హిమాలయాలు ఇప్పుడున్న చోట లేకపోతే మన శీతోష్ణస్థితి ఎలా ఉండేది అని అడుగుతాం. నూటికి యాభై మంది పిల్లలు ఇలా మొదలుపెడతారు: "హిమాలయాలు పడమర నుంచి తూర్పుకు సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నాయి. ఇందులో మూడు సమాంతర శ్రేణులు ఉన్నాయి. అవి హిమాద్రి, హిమాచల్, శివాలిక్..." అన్నీ నిజాలే. వాటిలో ఏ ఒక్కటీ "లేకపోతే" అన్న మాటకు జవాబు కాదు.

ఒక ఏడాది ఒక అబ్బాయి ఇలా మొదలుపెట్టాడు, మాటలు నావి, భావం వాడిది: "హిమాలయాలు లేకపోతే ఉత్తర భారతంలో చలికాలం ఇప్పటికంటే చాలా కఠినంగా ఉండేది, వానలు తగ్గేవి, ఏడాదంతా పారే నదులు ఉండేవి కావు." మొదటి వాక్యంతోనే నేను నిటారుగా కూర్చున్నాను. తరవాత మూడు చిన్న పేరాలు. మధ్య ఆసియా నుంచి వచ్చే చలిగాలుల్ని ఈ పర్వతాలు గోడలా అడ్డుకుంటున్నాయని ఒకటి. నైరుతి రుతుపవనాల్ని ఆపి, పైకి లేపి, ఇక్కడే వాన కురిసేలా చేస్తున్నాయని ఒకటి. మంచు కరగడం వల్లే గంగ, యమున వేసవిలోనూ పారుతున్నాయని, అవి తెచ్చి పోసిన ఒండ్రుమట్టే ఉత్తర మైదానమని మూడోది. చివర ఎవరూ అడక్కుండానే ఒక మాట: మన కృష్ణా గోదావరులకి ఆ మంచు అండ లేదు, అందుకే వానలు తగ్గిన ఏడు మన కాలవలకి నీళ్లు కష్టం. మొత్తం కలిపి పేజీకి రెండు పంక్తులు తక్కువ. ఎనిమిదికి ఎనిమిది వేసి పక్క టీచరుకి కూడా చూపించాను. కృష్ణా గోదావరుల మాట ఏ గైడులోనూ ఉండదు. వాళ్లింట్లో ఎవరో కాలవ నీళ్ల గురించి మాట్లాడుకుని ఉంటారు, వీడు పక్కనే కూర్చుని విని ఉంటాడు.

పరీక్షలో పిల్లలకి ముందు పదిహేను నిమిషాలు పేపరు చదువుకోవడానికి ఇస్తారు. ఆ పదిహేను నిమిషాల్లో సగం మంది తమకు వచ్చిన ప్రశ్నలు వచ్చాయా లేదా అనే చూసుకుంటారు. ఆ టైములో చూడాల్సింది ప్రశ్న తోక. ఏ విషయం అన్నది ప్రశ్న తలలో ఉంటుంది, ఏం చేయాలన్నది తోకలో ఉంటుంది. "కారణాలు తెలపండి" అంటే ఫలితాలు రాస్తే దండగ. "పోల్చండి" అంటే ఒక పేజీ దీని గురించి, ఒక పేజీ దాని గురించి రాయడం పోల్చడం కాదు. ఒక్కో అంశం దగ్గరా రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాలి. అమ్మలు కూరగాయల బజారులో రోజూ చేసే పనే అది: ఆ బండి మీద బెండకాయ లేతగా ఉంది గానీ ధర ఎక్కువ, ఈ బండి మీద ముదురు గానీ చవక. "విశ్లేషించండి" అంటే విప్పి చూపించమని. "మీరు ఏకీభవిస్తారా?" అంటే మాత్రం పిల్లలు బిక్కచచ్చిపోతారు. ఔననాలో కాదనాలో ఎవరూ చెప్పలేదు కదా! ఏదంటే మార్కు పోతుందో అని రెండువైపులా తల ఊపి వస్తారు. అక్కడ ఏ వైపున్నా మార్కు వస్తుంది, ఆ వైపు ఎందుకున్నామో చెప్పాలి. ఇంట్లో ఏనాడూ అభిప్రాయం అడగని పిల్లకి పరీక్ష హాల్లో అభిప్రాయం ఎక్కణ్నుంచి వస్తుంది?

2014-15లో కొత్త పుస్తకాలు, కొత్త పరీక్షా విధానం వచ్చాక ఇలాంటి ప్రశ్నలు బాగా పెరిగాయి. ఒక పేరా ఇచ్చి వ్యాఖ్యానించమంటారు, పట్టిక ఇచ్చి ఏం గమనించావంటారు, మన చుట్టూ జరుగుతున్నదాని మీద నీ స్పందన ఏమిటంటారు. పుస్తకాలు మళ్లీ మారాయి, మారుతూనే ఉంటాయి. బట్టీతో నెట్టుకొచ్చే చోటు మాత్రం మునుపటంత లేదు.

సరే, ఇంట్లో ఏం చేయాలి? మీరు పుస్తకం చేతిలోకి తీసుకోకండి. మొదటి పని అదే. పుస్తకం మీ చేతిలో ఉన్నంతసేపూ పిల్ల మీ కళ్లనే చూస్తుంది, మీ వేలు ఏ పంక్తి మీదుందో చూస్తుంది. పుస్తకం మూసేసి పక్కన పెట్టించి, మీ పని మీరు చేసుకుంటూ ఒక్క ప్రశ్న అడగండి. మా అమ్మాయి ప్రీ ఫైనల్ తరవాత నేను అదే చేశాను. పప్పులో ఉప్పు వేస్తూ అడిగాను:

"ఈ ఉప్పు మీద పన్ను వేస్తే ఎవరికి తగులుతుందే?"

"కొన్నవాళ్లకి."

"ఎవరు కొంటారు?"

"అందరూ కొంటారు." కాసేపు ఆగింది. "డబ్బున్నవాళ్లూ కొంటారు, కూలివాళ్లూ కొంటారు. కూలివాళ్లకే ఎక్కువ తగులుతుంది." మళ్లీ ఆగింది. "అమ్మా, అందుకేనా ఉప్పు?"

నేను చెప్పింది ఏమీ లేదు. సముద్రం ఒడ్డున ఊరికే దొరికేదాన్ని తయారుచేసుకుంటే నేరమని సర్కారు అనడం ఎంత అన్యాయంగా కనపడి ఉంటుందో తరవాత తనే చెప్పింది. హిందువులైనా ముస్లింలైనా ఉప్పు లేకుండా ముద్ద దిగదు గనక అందర్నీ కలపడానికి అదే సులువని కూడా అంది. పప్పు దించేలోపు ఎనిమిది మార్కుల జవాబు తయారైంది. "ఇప్పుడు నాతో అన్నది అన్నట్టు రాసెయ్" అన్నాను. రాసింది. తేదీలు వాటంతటవే సరైన చోట్ల వచ్చి కూర్చున్నాయి.

రాసేటప్పుడు మాత్రం పక్కన గడియారం పెట్టండి. మూడు గంటల్లో నూరు మార్కులంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకు పద్నాలుగు నిమిషాలు. మళ్లీ చూసుకునే వ్యవధి తీసేస్తే పన్నెండే. మొదటి రెండు నిమిషాలు జవాబు కాగితం మీద పెన్ను పెట్టనివ్వకండి. చిత్తు కాగితం మీద నాలుగు మాటలు, నాలుగు అంశాలకి, రాసుకోమనండి. వారానికి రెండుసార్లు, ఒక్కసారికి ఒక్క ప్రశ్న చాలు. రోజూ పెడితే అదీ ఇంకో అప్పజెప్పుడే అవుతుంది. రాసింది చూసేటప్పుడు ఎర్రపెన్ను పట్టుకోవద్దు. ఒత్తులు, దీర్ఘాలు, స్పెల్లింగులు ఆ రోజుకి వదిలేయండి. "మొదటి రెండు వాక్యాలు చదివితే ప్రశ్న ఏమిటో నాకు తెలుస్తోందా?" అన్నది ఒక్కటే చూడండి. తెలియకపోతే తిట్టక్కర్లేదు, "నాకు అర్థం కాలేదురా, అసలేం అడిగారు?" అంటే చాలు. వాడికి వాడే కొట్టేసుకుని మళ్లీ రాస్తాడు.

ఇంగ్లీషు మీడియం పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ నన్ను ఆపుతారు. "మాకు ఇంగ్లీషు రాదు కదా టీచర్, మేమేం అడుగుతాం?" తెలుగులోనే అడగండి. పిల్లల చేత తెలుగులోనే చెప్పించండి. అర్థం ఒక భాషలో కుదిరిన తరవాత ఇంకో భాషలోకి మోసుకెళ్లడం కష్టమే గానీ, ఏ భాషలోనూ అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో కంఠస్థం చేయడం అంతకంటే కష్టం. నేను స్పాట్‌లో చూసిన ఘోరమైన జవాబులన్నీ అలాంటివే: పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు, నడుమ ఒక క్రియ ఎగిరిపోయి, వాక్యం కుంటుతూ. తెలుగులో నాలుగు ముక్కలు చెప్పాక, ఒక్కో ముక్కకి ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం రాసుకోమనండి. ఏడెనిమిది మాటలకు మించని వాక్యం. సర్కారు స్కూళ్లలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. వాటిని వాడుకోండి, ఆ తెలుగు పేజీని చిన్నతనంగా చూడకండి.

నాన్నలకి ఒక మాట. మీరు రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే "ఎన్ని చాప్టర్లయ్యాయి?" అంటారు. ఆ ప్రశ్నకు ఏ పిల్లాడైనా ఒక అంకె చెప్పి తప్పుకుంటాడు. దాని బదులు "ఇవాళ చదివినదాంట్లో నీకు అన్యాయం అనిపించింది ఏదైనా ఉందా?" అని అడిగి చూడండి. మొదటి వారం "ఏం లేదు" అంటాడు. రెండో వారం కూడా అనొచ్చు. పక్కింటి వాళ్ల అమ్మాయికి ఎన్ని వచ్చాయో మాత్రం ఆ టైములో గుర్తుచేసుకోకండి.

ఒక పేరెంట్స్ మీటింగుకి ఇడ్లీ బండి నడుపుకునే అమ్మ ఒకామె వచ్చింది. గోడ దగ్గర నిలబడే ఉంది, కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నాకు సంతకం తప్ప ఏం రాదు మేడం, వాడికి నేనేం చెప్తాను" అంది. చెప్పొద్దు, అడుగు అన్నాను. వాడు చెప్పింది నీకు బోధపడేదాకా "ఎందుకురా?" అంటూనే ఉండు, బోధపడకపోతే పడినట్టు తల ఊపకు అన్నాను. సరేనంది గానీ నమ్మినట్టు కనపడలేదు.

నెల తిరక్కుండా స్కూలు గేటు దగ్గర పట్టుకుంది, మొహం చిన్నబుచ్చుకుని. "మీరు చెప్పినట్టే అడుగుతున్నా మేడం. రాత్రి చట్నీకి పల్లీలు వలుస్తుంటే వీడు, ఆ హిమాలయాలే లేకపోతే చలిగాలి వచ్చి మీదపడేదన్నాడు. మన ఊరిదాకా వచ్చేదా మరి అన్నాను. వచ్చేదన్నాడు. ఇంత దూరం వచ్చేసరికి వేడెక్కిపోదా, మన పొయ్యి పక్కన చల్లటి గిన్నె పెట్టినా వేడెక్కుద్ది కదా అన్నాను. అంతే, ఏం మాట్లాడలేదు. పొద్దున టిఫిను కూడా తినకుండా పుస్తకం పట్టుకుని ముందే వచ్చేశాడు. నేనేమన్నా తప్పడిగానా?"

లోపలికి వెళ్లి చూశాను. స్టాఫ్ రూం బయట వరండాలో, నా కుర్చీకి ఎదురుగా, అట్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.